పదకొండు లెక్కల మౌనం

సెప్టెంబర్ 4, గురువారం

ఓ రెండు వందల పేజీల స్పైరల్ నోట్‌బుక్కా! మెషీన్ లెర్నింగ్ నోట్స్ రాస్తానని నమ్మించి నిన్ను షాపు నుంచి తెచ్చాను. ఆ నమ్మకానికి ఈరోజుతో నీళ్లు వదులుతున్నాను. ఇకపై నీ మీద ఫార్ములాలకు బదులు ఒక బ్రిటిష్ నటీమణి మహిమలూ, మధ్యమధ్యలో నా ఏడుపులూ పడబోతున్నాయి. అందులోని అతిశయోక్తులకూ, కోడిగీతల్లాంటి రాతకూ, నేను అన్యాయంగా తిట్టబోయే సకల జనులకూ కలిపి ముందే సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. నా తప్పంటూ ఎక్కడైనా కనిపిస్తే అది చేతిరాత లోపమని సర్దుకోగలవు.

విషయం. ఈ అమెరికా యూనివర్సిటీ క్యాంపస్ థియేటర్‌లో టికెట్లు చింపే ఉద్యోగం నుంచి నాకు ప్రమోషన్. నేటి నుంచి ప్రాంప్టర్‌ని. స్టేజీ పక్కన చీకట్లో స్టూలు మీద కూర్చుని, నటి మాట మరిచిపోతే అందించాలి. జీతం అదే. స్టూలు మాత్రం కొత్తది.

నటి పేరు బెరిల్ ఆష్‌కూంబ్. డెబ్బై తొమ్మిదేళ్లు. ఈ ఒక్క నాటకం కోసం ఇంగ్లండ్ నుంచి రప్పించారు. డైరెక్టర్ మెలిస్సా, చెవిలో పెట్టుకునే బుల్లి స్పీకర్ ఇస్తానంది. బెరిల్ గారు ఒక్క చూపు చూసి — "నా చెవి వినడానికి, డియర్. అద్దెకివ్వడానికి కాదు." మనిషి కావాలట. గొంతున్న మనిషి. లాబీలో అప్పుడు ఆ లక్షణాలతో ఉన్నది నేనొక్కణ్నే.

కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో మూడేళ్లు ప్రాంప్టింగ్ చేశానని చెప్పాను. అబద్ధం కాదు. తెర వెనక నిలబడి నటుల కంటే ముందే నాటకమంతా నేనే చదివేసేవాణ్ని. మూడో వరుస దాకా వినిపించేది. ఒకసారి చప్పట్లు నాకే ఎక్కువ పడ్డాయి.

సెప్టెంబర్ 5

మొదటి పాఠం. ఆవిడ నోరు తెరవకముందే వాక్యం అందించాను. ఆగారు. రెండోది అందించాను. కళ్లద్దాలు తీశారు.

"నాటకం నీదా, నాదా?"

"మా వైపు ఇలాగే చేస్తాం మేడమ్. ముందుగా..."

"మీ వైపు నటులు ఏం చేస్తారు మరి?"

రూలు ఒక్కటే. ఆవిడ "యెస్" అంటేనే నేను మాట అందించాలి. అనకపోతే నేను లేను. గోడని. స్టూలుని.

సెప్టెంబర్ 9, మంగళవారం

అల్లం దంచి, పాలు పోసి మరగబెట్టిన టీ ఫ్లాస్కులో పట్టుకెళ్లాను. "దీన్ని టీ అనరు, డియర్. శిక్ష అంటారు" అన్నారు. మూడు కప్పుల శిక్ష అనుభవించారు.

ఆవిడ పుట్టింది ఇంగ్లండ్ ఉత్తరాన ఏదో రేవు ఊళ్లో, చేపల కొట్టు మీది గదిలో. వాళ్ల నాన్న చేపలు కోస్తూ వీధి చివరికి వినపడేలా కేకలేసేవాడట. ఆ గొంతే ఈ గొంతు. పదిహేడేళ్లకి లండన్ డ్రామా స్కూలు. అక్కడ పళ్ల మధ్య కార్క్ బిరడా పెట్టి మాట్లాడించి మాట్లాడించి ఊరి యాస ఊడబీకారు. మొదటి సెలవులకి ముందు ఇంటికి ఫోన్ చేస్తే నాన్న ఎత్తి, రెండు మాటలు విని, అమ్మని కేకేశాడట — "ఎవరో దొరసాని, నీ కోసం."

నవ్వుతూనే చెప్పారు. నేను నవ్వలేదు. నాకెవరూ కార్క్ పెట్టలేదు. కస్టమర్ కేర్ వాళ్లకి నా పేరు నాలుగుసార్లు చెప్పాక నేనే పెట్టుకున్నాను.

సెప్టెంబర్ 12, శుక్రవారం

ఇరవై ఏళ్ల వయసులో బెరిలమ్మ గారు (ఈ పిలుపు నీకూ నాకూ మధ్యనే) చిన్న ఊళ్ల నాటక కంపెనీల్లో ఉన్నారు. వారానికో నాటకం. సాయంత్రం ఈ వారం నాటకం ఆడాలి. పొద్దున వచ్చే వారం నాటకం నేర్చుకోవాలి. మధ్యలో పోయిన వారం నాటకం మరిచిపోవాలి.

"మా ఉద్యోగంలో సగం మరిచిపోవడమే. అందులో నేను చాలా దిట్ట. ఇప్పుడది నా మీదకే తిరగబడింది."

ఈరోజు "యెస్" తొమ్మిదిసార్లు.

సినిమాల్లోకి వెళ్తే దయ్యాల సినిమాలో రక్తపిశాచికి రెండో బలి. "వీధిలో నా ముఖం ఎవరూ గుర్తుపట్టేవాళ్లు కాదు. స్కార్ఫ్ తీస్తే మెడని గుర్తుపట్టేవాళ్లు." తర్వాత టీవీలో ఏడేళ్లు డిటెక్టివ్‌కి అత్తగారు. నా రూమ్మేట్ నరేశ్ — కరీంనగర్, జావా ఉద్యోగం, నాకు లేని కారు — ఆ సినిమా ఆన్‌లైన్‌లో వెతికి పట్టాడు. స్క్రీన్ ఆపి, దగ్గరకి జరిగి: "అరే, గీ మెడ గామెదేనా? మంచిగుండె గదరా!"

సెప్టెంబర్ 16

ఈరోజు నాకు రహస్యం అప్పజెప్పారు. జాగ్రత్తగా రాస్తాను.

నాటకంలో ఆవిడ ఒక జడ్జి భార్య. ఇరవై ఏళ్ల కిందట జడ్జి చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆయన వస్తాడని ప్రతి సాయంత్రం గేటు తీసి ఉంచుతుంది. రెండో అంకం చివర కొడుకు అడుగుతాడు — "ఆయన రాడని నీకు మొదటి నుంచీ తెలుసు కదూ?" ఆవిడ మాట్లాడదు. చాలాసేపు. తర్వాత ఒక్క మాట. "షట్ ది గేట్, డియర్."

ఆ చాలాసేపు ఎంతసేపంటే పదకొండు లెక్కలు. నన్ను స్టూలు అంచు మీద వేలితో కొడుతూ లెక్కపెట్టమన్నారు.

"అయిదు దగ్గర జనం దగ్గుతారు. ఏడు దగ్గర ముసల్ది మరిచిపోయిందని భయపడతారు. ఎనిమిది దగ్గర నా కోసం దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు. తొమ్మిది దగ్గర నన్ను మరిచిపోయి వాళ్లింట్లో మనిషిని తలుచుకుంటారు. పదకొండుకి నేనంటాను."

అంత ఎందుకు మేడమ్ అన్నాను.

"ఆ మాట పైకి రావడానికి ఆవిడకి ఇరవై ఏళ్లు పట్టింది. ఇరవై ఏళ్లు ఎవరూ ఇవ్వరు. అందుకని పదకొండు తీసుకుంటున్నాను."

నా స్క్రిప్టు మార్జిన్‌లో తనే పెన్సిల్‌తో రాశారు: 11. ముట్టుకోకు.

"నా జీవితంలో అన్నీ ఎవరో ఒకరు ఎత్తుకెళ్లారు. నా మౌనం మీద మాత్రం ఇంతవరకూ ఎవరూ కాలు పెట్టలేదు."

సెప్టెంబర్ 19, శుక్రవారం

మెలిస్సా తలుపు వేసి మాట్లాడింది. నేను గోడని కనక విన్నాను.

షరతు ఇది. అక్టోబర్ 3న ప్రివ్యూ. మొదటిసారి జనం ముందు. అక్కడ ప్రాంప్టర్ గొంతు ఒక్కసారి హాల్లోకి వినపడినా, అసలు ప్రదర్శనల్లో ఆ వేషం కేథీది. కేథీ అంటే అవసరమైతే ఆవిడ బదులు ఆడటానికి పెట్టుకున్న నటి. యాభై రెండేళ్లు. మాటలన్నీ వచ్చు. అన్నీ.

బెరిలమ్మ గారు బయటికొచ్చి ఫ్లాస్కు మూత తిప్పుతూ — "కేథీ మంచి నటి. అదే నా భయం." ఇంకా తిప్పుతూనే — "ఇది పోతే నాకు ఇంకోటి లేదు, తెలుసుగా. ఈ వయసు నటికి ఇన్సూరెన్స్ వాళ్లే ఒప్పుకోరు."

ఎంత తిప్పినా ఊడి రాలేదు. మూత నేనే తిప్పాను.

సెప్టెంబర్ 22

"యెస్" రెండు. రెండే! వారం రోజులుగా క్లాసులెగ్గొట్టి పార్క్ బెంచీ మీద ఆవిడతో మాటలు వల్లె వేయిస్తూ కొడుకుగా, పనిమనిషిగా, లాయర్‌గా నటిస్తున్నాను. కుక్కని నడిపిస్తున్న ఒకాయన ఆగి, మా ఇద్దరి పోట్లాట విని, పోలీసుల్ని పిలవనా అని ఆవిణ్ని అడిగాడు.

సెప్టెంబర్ 23, మంగళవారం

చరిత్రాత్మక దినం. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను.

మొదటి అంకంలో పోస్ట్‌మ్యాన్ వేషం వేసే కుర్రాడు మానేశాడు. ఒక్క వాక్యం. "ఉత్తరం మేడమ్, సంతకం పెట్టాలి." రెండో అంకానికల్లా స్టూలు మీదకి తిరిగి రావచ్చు. బెరిలమ్మ గారే అన్నారు — "నువ్వెందుకు చెయ్యకూడదు? మెలిస్సాతో చెబుతాను."

చెబుతాను అన్నారు. ఈ చెవులతో... నా చెవులతో విన్నాను.

నరేశ్‌కి చెప్పాను. గంటలో ఫ్లెక్సీ తయారు. గోడకి కట్టేది కాదు, వాట్సాప్‌లో తిరిగేది. నల్ల కళ్లద్దాలతో నా ఫొటో, వెనక పులి, పక్కన అమెరికా జెండా. పైన — "గ్లోబల్ పోస్ట్‌మ్యాన్ శ్రీకర్". కింద మూలన, స్టాంపంత సైజులో, బెరిలమ్మ గారు.

"పులెందుకురా?"

"ఫ్లెక్సీ అన్నంక పులి ఉండాలె. నీకు సైకిల్ గిట్ల ఇస్తరా?"

పక్క ఊళ్లు క్యారీ, మోరిస్‌విల్ కలిపి మనవాళ్లు పద్నాలుగు మంది ప్రివ్యూకి టికెట్లు బుక్ చేశారు. అమ్మ కాకినాడలో మా కాలనీ మొత్తానికి పంపింది. డెంటిస్టుకి కూడా.

సెప్టెంబర్ 26, శుక్రవారం

అడక్కుండానే చెప్పారు. రాసిపెట్టుకోవాలి.

ముప్పై నాలుగేళ్లప్పుడు అమెరికా వచ్చారు. పెద్ద సినిమా, పెద్ద వేషం. దర్శకుడు సొంత భర్తే. ఎనిమిది వారాలు షూటింగ్. విడుదల రోజున కొత్త గౌను వేసుకుని హాల్లో కూర్చుని తన ముఖం కోసం ఎదురుచూశారు. సినిమా అయిపోయింది. ఒకచోట కిటికీ దగ్గర తన తల వెనకభాగం మాత్రం కనపడింది. మిగతాదంతా ఆయన కత్తిరించేశాడు.

"పక్క సీట్లో ఆయనే. సినిమా అంతసేపూ నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. వదల్లేదు. కత్తిరించినందుకు ఎప్పుడో క్షమించాను. చెయ్యి పట్టుకున్నందుకే క్షమించలేకపోయాను."

"ముందే చెప్పి ఉంటే?"

"చెంపదెబ్బతో పోయేది, డియర్."

అక్టోబర్ 1, బుధవారం

నోటీసు బోర్డు. పోస్ట్‌మ్యాన్ — ఎవరో టైలర్ అనే కుర్రాడు. సెకండియర్. జుట్టు మాత్రం బావుంది.

మెలిస్సాని అడిగాను. ఆవిడ తడబడుతూ, "నేను సరేనన్నాను. బెరిలే వద్దంది. 'అతను నాకు చీకట్లోనే ఎక్కువ పనికొస్తాడు' అంది."

చీకట్లోనే ఎక్కువ పనికొస్తాడు.

ఇంకోసారి రాస్తాను, నీకు నొప్పి పుట్టినా సరే. చీకట్లోనే. ఎక్కువ. పనికొస్తాడు.

దొరసాని! చేపల కొట్టు మీద పుట్టిన దొరసాని! అల్లం దంచిన ఈ చేతులు, పార్క్ బెంచీ మీద పనిమనిషిగా ఏడ్చిన ఈ కళ్లు, మిడ్‌టర్మ్‌లో వచ్చిన ఆ మార్కులు — ఇవన్నీ చీకట్లోకి. వెలుతురు టైలర్‌కి. నా రంగా? నా ఇంగ్లిషా? అడగాలనిపించింది. ఎదురుగా వచ్చి మామూలుగా "టీ ఏది?" అన్నారు. వేషం ఊసే లేదు. అల్లం అయిపోయింది మేడమ్ అన్నాను.

అల్లం ఉంది. ఫ్రిజ్‌లో ఇంత.

అక్టోబర్ 2

టీ లేదు. మాటా లేదు. ఆఖరి రిహార్సల్‌లో "యెస్" సున్నా. మౌనం సరిగ్గా పదకొండు. నా వేలు, ఆవిడ ఊపిరి ఒకేసారి ఆగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేను స్టూలు మడిచాను.

నరేశ్‌కి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలి? పులితో సహా చెప్పాలి కదా.

అక్టోబర్ 4, శనివారం, పొద్దున్న

నిన్న జరిగింది జరిగినట్టు.

హాలు నిండింది. బాల్కనీలో మనవాళ్లు పద్నాలుగు మంది, నరేశ్ మెడలో కెమెరా. మొదటి అంకంలో టైలర్ ఉత్తరం తెచ్చాడు. బాల్కనీలో గుసగుస. "వీడు కాదు గదరా?" "ఇంకో పోస్ట్‌మ్యాన్ ఉంటడేమో ఆగు."

బెరిలమ్మ గారు అద్భుతం. ఒక్క "యెస్" లేదు. రెండో అంకం చివర. కొడుకు అడిగాడు. ఆవిడ ఆగారు. ఆగి... నా వైపు చూసినట్టు అనిపించింది. కళ్లు ఖాళీగా ఉన్నట్టు అనిపించింది. మరిచిపోయారేమో అనిపించింది. ప్రాంప్టర్ ధర్మం ఏమిటి? మాట అందించడం. అందించాను.

"షట్ ది గేట్, డియర్."

నా గొంతు కాకినాడ గొంతు. బాల్కనీ దాకా వెళ్లింది.

కొడుకు వేషంలో ఉన్నతను చీకట్లోకి, నా వైపు తిరిగాడు. ముందు వరుసలో ఎవరో "అయ్యో పాపం" అన్నట్టు ఊపిరి వదిలారు. అప్పుడు పైనుంచి నరేశ్ — "మావోడే! గిది మావోని గొంతే!" ఈల. పద్నాలుగు మంది చప్పట్లు.

ఆవిడ కదల్లేదు. తర్వాత అదే మాట అన్నారు, చాలా మెల్లగా. అప్పటికి ఎవరూ వినడం లేదు.

అక్టోబర్ 5, ఆదివారం

తప్పెవరిది? విచారణ కమిషన్ వేశాను. సభ్యుణ్ని నేనే.

నరేశ్‌ది: ఈల. "నువ్వు ఒక్కటే డైలాగ్ అన్నవ్ గదరా, అది వచ్చినంక కొట్టకపోతే ఎట్ల?" పాపం, అది నా డైలాగే అనుకున్నాడు. ఇప్పటికీ. కనపడని పోస్ట్‌మ్యాన్ అట. మోడ్రన్ నాటకం అట.

మెలిస్సాది: ఒక్క గొంతుకి ఒక జీవితాన్ని తూచడం.

టైలర్‌ది: జుట్టు.

బెరిల్ ఆష్‌కూంబ్‌ది: మాట ఇచ్చి తప్పడం. ఇదే మొదటి నేరం. మిగతావన్నీ దీని వెనకాల వచ్చినవే.

నివేదిక సమర్పించబడింది. సంతకం పెట్టలేదు.

అక్టోబర్ 6

మెలిస్సా గదిలో ముగ్గురం. నన్ను అడిగింది — ఆవిడ యెస్ అందా? లేదన్నాను. మరి?

నేను నోరు తెరిచేలోగా బెరిలమ్మ గారే — "వాళ్ల దేశంలో ప్రాంప్టింగ్ పద్ధతి వేరు. ముందే అందిస్తారు. నేను సరిగ్గా నేర్పలేదు. తప్పు నాది."

నేర్పలేదట. మార్జిన్‌లో ఆవిడ రాత, నా చేతిలోని స్క్రిప్టులోనే ఉంది. మూసి పట్టుకున్నాను.

"అవును," అన్నాను. "మా వైపు అలాగే."

మెలిస్సా సారీ అంది. షరతు షరతే అంది. వేషం కేథీకి.

బయట వాన. ఆవిడకి పార్కింగ్‌లో మెట్లు కనపడవు. చెయ్యి పట్టుకుని దింపాను. కారు దాకా నడిపించాను. ఆవిడ ఏమీ అడగలేదు. నేనూ చెయ్యి వదల్లేదు.

అక్టోబర్ 8, బుధవారం

కేథీ రిహార్సల్. స్టూలు అవసరం లేదు కనక మళ్లీ టికెట్ల దగ్గర. తలుపు సందులోంచి విన్నాను. కేథీ మౌనం నాలుగు. నాలుగుకే గేటు వేయించేసింది. ఎవరికీ దగ్గు రాలేదు.

మెలిస్సా కాఫీ పట్టుకుని లాబీలోకి వచ్చింది. నన్ను ఓదార్చాలని కాబోలు, "నీ మీద ఆవిడకి ఎంత నమ్మకమో తెలుసా? ఆ పోస్ట్‌మ్యాన్ సంగతప్పుడు... 'అతను స్టేజీ మీదుంటే మొదటి అంకంలో నా పక్కన చీకట్లో ఎవరూ ఉండరు, నాకు భయం, ఇది అతనికి చెప్పకు, నేనే చెబుతాను' అంది."

మరి చెప్పలేదే, అన్నాను.

"ప్రివ్యూ అయ్యాక, మీ వాళ్లందరినీ స్టేజీ మీదకి పిలిచి నిన్ను పరిచయం చేద్దామనుకుంది. అప్పుడు చెబుతానంది."

ఎవరు ఎవరికి ముందు చెప్పాల్సింది? ... కమిషన్ రద్దు.

అక్టోబర్ 10, శుక్రవారం

రేపు ఆవిడ వెళ్లిపోతున్నారు. ఎయిర్‌పోర్టులో దింపమని నన్నే అడిగారు. నరేశ్ కారిచ్చాడు, వెనక సీట్లో చిప్స్ ప్యాకెట్లతో సహా. "అవ్వకు నా తరఫున బై చెప్పు. మెడ సినిమా మంచిగుందని చెప్పు."

పదింటికి గెస్ట్‌హౌస్ గేటు దగ్గర ఉంటానని మెసేజ్. కింద ఇంకో లైను. "టీ తీసుకురా. అల్లం దొరికిందా?"

దొరికింది. దంచి పెట్టాను. ఫ్లాస్కు కడిగి బోర్లించాను. ఇరవై నిమిషాల ప్రయాణం. ఇరవై నిమిషాల్లో చెప్పొచ్చు. చెప్పకపోనూ వచ్చు. సిగ్నల్స్ ఎన్నున్నాయో మ్యాప్‌లో చూశాను, ఎక్కడ ఆగితే చెప్పాలా అని. ఆవిడకి తెలిసే ఉంటుంది. తెలియకపోతే మరీ ఘోరం. తెలిసి టీ అడగడం...

నోట్‌బుక్కా, నాలుగో తేదీ పేజీలో "అనిపించింది" అని మూడుసార్లు రాశాను. మూడూ కొట్టేస్తున్నాను.

ఆవిడ నా వైపు చూడలేదు. కళ్లు ఖాళీగా లేవు. కొడుకు అడిగిన మరుక్షణం నుంచే నా వేలు స్టూలు అంచు మీద కొడుతోంది. అయిదు దగ్గర ఎవరో దగ్గారు, ఆవిడ చెప్పినట్టే. ఆరు. చీకట్లోనే ఎక్కువ పనికొస్తాడు. ఏడు. పైన నా గొంతు కోసం పద్నాలుగు మంది. ఎనిమిది దగ్గర హాలంతా ఆవిడ కోసం దణ్ణం పెట్టుకుంటూ ఉండాలి.

నేను నోరు తెరిచాను. ఇంకా మూడు లెక్కలున్నాయని నాకు తెలుసు.